పందొమ్మిది తూములు

కామాటిపుర పదకొండో గల్లీలో నారాయణ "ఎలుక" అన్నాడంటే అది ఎలుకే, "పందికొక్కు" అన్నాడంటే పందికొక్కే. ఆ తీర్పు మీద అప్పీలు లేదు. ఎవరి ఒంటిగది ఖోలీలోనో రాత్రంతా చప్పుడవుతుంటే పొద్దున్నే ఆయన్ని పిలుచుకొచ్చేవారు. ఆయన మోకాళ్ల మీద కూర్చుని, గోడ అంచున నల్లగా, జిడ్డుగా పడ్డ గీతను వేలితో తుడిచి, వాసన చూసి, "మూడున్నయ్. ఒకటి కడుపుతోటి ఉన్నది. పక్క ఖోలీ మోరీల నుంచి వస్తున్నయ్" అనేవాడు. పక్క ఖోలీ వాళ్లు కయ్యానికి దిగేవారు. మర్నాడు తెల్లారేసరికి బోనుల్లో మూడూ పడేవి. అందులో ఒకటి కడుపుతోనే ఉండేది.

అందుకే గల్లీ మొత్తం ఆయన్ని ఎలుకల డాక్టర్ అనేది. పైకి విసుక్కునేవాడు గానీ ఆ పేరంటే ఆయనకు ప్రాణం. చదువు లేదు, సొంతిల్లు లేదు, అన్నదమ్ముల్లా రైల్వేలో ఉద్యోగమూ దొరకలేదు. ముప్పై ఏళ్లలో ఆయన సంపాదించుకున్నది ఆ ఒక్క మాటే. నారాయణ చెప్పాడంటే అది అంతే.

తాతముత్తాతలు పాలమూరు వైపు నుంచి వచ్చి ఈ ఊళ్లో గోడలు లేపారు. మనవడు ఆ గోడల్లో పడ్డ కన్నాలు పూడ్చాడు. తాపీ మాత్రం అదే. సిమెంటులో సీసా పెంకుల పొడి కలిపి కన్నంలో కూరేవాడు. దాన్ని ఏ ఎలుకా కొరకలేదు. నారాయణ మూసిన కన్నం మళ్లీ తెరుచుకున్నట్టు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

ఫోరస్ రోడ్డులో నిలేష్ అనే మరాఠీ ఆయనకు ఎలుకల మందులు, బోనులు అమ్మే దుకాణం ఉంది. నారాయణది ఆ దుకాణంలోనే ఉద్యోగం. ఎవరైనా పిలిస్తే నిలేష్ ఆయన్ని పంపుతాడు. చలికాలం చివర్లో ఒకరోజు అలాగే పంపాడు, ఠాణే దాటి కొండ కింద కొత్తగా లేచిన ఒక అపార్టుమెంట్ల సొసైటీకి. దాని పేరులో వనం ఉంది. వనాన్ని కొట్టేసి కట్టిన ప్రతిదానికీ ఈమధ్య ఆ పేరే పెడుతున్నారు.

రెండు రైళ్లు, ఒక బస్సు, ఒక రిక్షా మారి అక్కడికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. నారాయణ మోకాళ్లు సలుపుతున్నాయి. సొసైటీ సెక్రటరీ శైలేష్ మర్యాదస్తుడు. మొదటి అంతస్తులోని చల్లటి ఆఫీసు గదిలో కూర్చోబెట్టి ఏలకుల చాయ్ ఇప్పించాడు. కింద కార్ల వైర్లు కొరికేస్తున్నాయనీ, పైన ఎనిమిదో అంతస్తు వంటింట్లో కూడా ఎలుక కనిపించిందనీ మరాఠీలో చెప్పాడు.

నారాయణ చాయ్ తాగుతూ కిటికీలోంచి చూశాడు. బిల్డింగుకూ వెనక కాంపౌండు గోడకూ మధ్య అర ఎకరం పైచిలుకు కొండ వాలు ఉంది. బిల్డరు అక్కడ ఏమీ కట్టలేదు. పొదలు, బండలు, ఎండిన గడ్డి, వంకర తిరిగిన మోదుగ చెట్లు రెండు. గోడకు అవతల అడవి. కామాటిపురలో పుట్టి పెరిగినవాడికి ఊడ్వని జాగా అంటే ఎలుకల జాగాయే.

"ఇంకెక్కడి నుంచి సార్? ఆ వెనక చెత్త చూడండి. అన్నీ అక్కడి నుంచే" అన్నాడు.

కిందికి దిగలేదు. గోడ అంచులు చూడలేదు. వేలు పెట్టి వాసన చూడలేదు. ముప్పై ఏళ్లలో మొదటిసారి కుర్చీలో కూర్చుని తీర్పు చెప్పాడు. శైలేష్ ఆ మాటను కాగితం మీద రాసుకుని, కింద నారాయణ చేత సంతకం కూడా పెట్టించుకున్నాడు. ఒట్టి మాటకు సంతకమేమిటని నారాయణకు కొంచెం ఆశ్చర్యం వేసింది, కొంచెం గర్వమూ కలిగింది.

ఆ తర్వాత రెండు రోజులు ఒళ్లు దాచుకోకుండా పని చేశాడు. వెనక గోడకు అడుగున, వాన నీళ్లు పోవడానికి జానెడు వెడల్పున తూములు వదిలారు. లెక్కపెడితే పందొమ్మిది. అవి ఎలుకలకు సింహద్వారాలనుకుని, పందొమ్మిదింటినీ సీసా పెంకుల సిమెంటుతో దిట్టంగా మూసేశాడు. వాలు మీద పొదల కింద బోనులు పెట్టాడు. వారానికి రెండు సార్లు వచ్చి చూసుకునేవాడు. మొదట్లో పడ్డ నాలుగింటిని బోను తెరవకుండానే బకెట్లో ముంచి, గుంట తీసి పూడ్చేశాడు. ఎలుకను తేరిపార చూసేదేముంది?

మూడో వారం పడ్డది మాత్రం ఆయన్ని ఆపింది. బోను ఊచల్లోంచి తోక బయటికి వచ్చింది. మొదలు దగ్గర నల్లగా ఉన్న తోక సగం నుంచి చివరి దాకా పాలల్లో ముంచి తీసినట్టు తెల్లగా ఉంది. నారాయణ బకెట్ కింద పెట్టి బోను పైకెత్తాడు. పొట్ట తెలుపు, చెవులు పెద్దవి. ఒంటి మీద జిడ్డు లేదు. ముక్కు దగ్గరికి తెచ్చుకుంటే మోరీ వాసన కూడా లేదు, ఎండుటాకుల వాసన వచ్చింది. అది మూలకు నక్కి ఆయన్నే చూస్తోంది.

సొసైటీలో తోటపని చేసే యాదయ్య, నర్సమ్మ దగ్గర్లోనే కలుపు తీస్తున్నారు. మహబూబ్‌నగర్ నుంచి కూలికి వచ్చిన మొగుడూ పెళ్లాలు. ఇంత దూరంలో తెలుగు మాట వినబడినందుకు మొదటి రోజే నారాయణకు కాకా వరస కలిపేశారు. యాదయ్య పార పక్కన పడేసి వచ్చాడు.

"ఆగు కాకా, ముంచకు. గిది ఇంటెలుక గాదు."

"ఎలుక అయితే ఎలుకేరా. ఇంటిది, బయటిది అని దానికి రేషన్ కార్డు ఉంటదా?"

"గిది గుట్టెలుక కాకా" అంది నర్సమ్మ. "మా కాడ గుట్టల పొంటి ఉంటయ్. బండ సందుల్ల, చెట్టు తొర్రల. ఇత్తులు, పండ్లు తిని బత్కుతయ్. మనిషి వాసనొస్తే గుట్టెక్కుతయ్ గని ఇండ్లల్లకు రావు."

"మరి కార్ల వైర్లు ఎవడు కొరికిండు?"

"గది నువ్వు జెప్పాలె. డాక్టర్‌వి నువ్వు గద" అని ఆమె నవ్వింది. తర్వాత ఊరికే గుర్తొచ్చినట్టు ఇంకో మాట అంది. "ముంగిస సుత రొండు వారాలసంది అవుపడ్తలేదు. రోజు పొద్దుగాల ఆ గోడ తూముల నుంచి దూరి చెత్త అర్ర దాక పోయొచ్చేది. నోట్ల ఎలుకను వట్టుకొని పోంగ నేనే జూసిన. తూములు బందువెట్టినంక మల్ల రాలే."

నారాయణ గోడ వైపు తిరిగి, తాను మూసిన తూములను చూశాడు. బోను తలుపు తీసి ఆ తెల్లతోక దాన్ని పొదల్లోకి వదిలేశాడు. తర్వాత మొదటి రోజు చేయాల్సిన పని అప్పుడు చేశాడు. టార్చి తీసుకుని బిల్డింగు కిందికి దిగాడు.

చెత్తగదిలోకి అడుగు పెట్టగానే ఆయనకు అంతా అర్థమైంది. గోడ అంచున నల్లటి జిడ్డు గీత రోడ్డు గీసినట్టు సాగింది. పైపుల వెంట పెంటికలు, గోధుమ గింజలంత. ఫ్లాట్లలోంచి చెత్త జారే గొట్టం అడుగున తలుపు సరిగ్గా మూసుకోదు. దాని కింద గిన్నెల కొద్దీ అన్నం, సగం తిన్న పావ్. అలంకారానికి కట్టిన పూల తొట్ల వెనక బొరియలు. ఒకటి పట్టపగలే ఆయన కాళ్ల ముందు నుంచి తీరిగ్గా నడిచిపోయింది, బలిసింది, సిగ్గులేనిది, తోక నున్నగా ఉన్నది. దాన్ని చూస్తే గ్రాంట్ రోడ్డు స్టేషన్ దగ్గర పాత పరిచయస్థుడు ఎదురైనట్టే ఉంది. ఇవి కొండ మీంచి దిగలేదు. సామాన్ల లారీల్లో, కిరాణా బస్తాల్లో మనుషులతో పాటే వచ్చాయి. వాటిని పట్టుకుపోయే ముంగిసకు దారి మూసింది నారాయణ. ఏ పాపం ఎరగని వాటిని బకెట్లో ముంచింది కూడా నారాయణే.

ఇంటికెళ్లాక అన్నం సయించలేదు. భార్య వజ్రమ్మ కంచం వైపు చూసి, మొహం వైపు చూసి, "కాయ్ ఝాలం? ఏమైంది?" అంది.

"తప్పు చెప్పిన."

వజ్రమ్మ గరిటె దించింది. పెళ్లయిన ముప్పై నాలుగేళ్లలో ఆ నోటి నుంచి ఆ మాట వినలేదు. కూరలో ఉప్పు ఎక్కువైనా, రైలు తప్పిపోయినా తప్పు ఎప్పుడూ వేరేవాళ్లదే. ఆయన జరిగిందంతా చెప్పాడు. నాలుగింటిని ముంచిన సంగతీ దాచలేదు.

"నా మాట మీద ఆ జాగా మొత్తం సాఫ్ చేస్తరంట. జేసీబీ బులాయించిండ్రు. పొదలు పీకి కాంక్రీట్ పోస్తరంట."

"మరి పోయి చెప్పు. గలత్ చెప్పిన అను."

"చెప్తే ఇగ నా మాటకు కిమ్మత్ ఏముంటది వజ్రా? ఈ గల్లీల నన్నెవరు పిలుస్తరు?"

"చెప్తే ముక్కు ఊడిపోతదా?" అంది వజ్రమ్మ. అయినా కంచం తీసుకెళ్తూ ఆయన భుజం మీద ఒక్క క్షణం చెయ్యి వేసింది. అది ఊడిపోయేంత పనేనని ఆమెకూ తెలుసు.

ఆదివారం సొసైటీ వాళ్ల మీటింగు. నారాయణ ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాడు. ముప్పై నలభై మంది కుర్చీల్లో ఉన్నారు. ఆయన లేచి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక కట్టుకుని, మరాఠీలో చెప్పాడు. "నేను పొరపాటు చెప్పాను. చూడకుండా చెప్పాను. వెనక వాలులో ఉన్నవి అడవి ఎలుకలు. అవి మీ జోలికి రావు. మీ ఎలుకలు మీ చెత్తగదిలోనే ఉన్నాయి. గొట్టం తలుపు బాగు చేయించి, చెత్త ఏ రోజుది ఆ రోజు తీయిస్తే నెలలో తగ్గిస్తాను. ఆ జాగాను మాత్రం ముట్టుకోకండి."

కుర్చీల్లో గుసగుసలు లేచాయి. మా చెత్తగది మురికిగా ఉందంటాడా అని ఒకావిడ కోప్పడింది. శైలేష్ మాత్రం కోప్పడలేదు. మీటింగు అయ్యాక ఆయన్ని పక్కకు తీసుకెళ్లి మెల్లగా చెప్పాడు.

"కాకా, మీరు నిజాయితీపరులు. కానీ ఒక మాట వినండి. అక్కడ జాగింగ్ ట్రాక్, ఇరవై కార్ల పార్కింగు వేయాలని రెండేళ్లుగా అనుకుంటున్నాం. చెట్లు కొట్టొద్దని కొందరు అడ్డం పడేవారు. ఎలుకలనేసరికి వాళ్లూ ఒప్పుకున్నారు. మీ మాట మాకు ఒక్కసారే కావాల్సింది. అది వచ్చేసింది."

నారాయణ ఏదో అనబోయాడు.

"బాధపడకండి. మీకిక్కడ ఏళ్ల తరబడి పని ఉంటుంది" అని శైలేష్ ఆయన భుజం తట్టాడు.

తిరుగు రైల్లో నారాయణ ఆ మాటనే నమిలాడు. పడగొట్టడానికి పనికొచ్చిన మాట నిలబెట్టడానికి పనికిరాలేదు. కొండ వాలు మీద కాంక్రీటు పడితే తెల్లతోకలు పోతాయి, ముంగిస పోతుంది, చెత్తగది జనాభా పదింతలవుతుంది. అప్పుడు వాళ్లు ఆయన్నే పిలుస్తారు. ఆయన వస్తాడు. ఏళ్ల తరబడి వస్తాడు. ఇంతకన్నా సిగ్గుమాలిన బతుకు ఉంటుందా అనిపించింది.

బుధవారం జేసీబీ వస్తుందని యాదయ్య ఫోను చేశాడు. ఆ రోజు నారాయణకు అక్కడ పనేమీ లేదు. అయినా సుత్తి, ఉలి సంచిలో వేసుకుని మొదటి లోకల్ పట్టుకున్నాడు.

జేసీబీ అప్పటికే వాలు దగ్గర నిలబడి ఉంది. ముందు హద్దు తేల్చాలి కాబట్టి వెనక గోడ వెంట చుట్టూ చెక్కేసి, ఆ తర్వాత మధ్యలోకి రమ్మని సూపర్‌వైజరు చెప్పాడట. ఆ మాట వినగానే యాదయ్య ఊరుకోలేకపోయాడు.

"గట్ల జేస్తే అన్ని నడిమిట్ల ఇరుక్కొని సస్తయ్ కాకా. మేము వరి గోసేటప్పుడు సుట్టూ తిరిగి కొయ్యం. తొవ్వ దిక్కుకెంచి మొదలువెట్టి గెట్టు దిక్కుకు పోతం. కుందేళ్లు, ఎలుకలు ముంగట ముంగట జరుక్కుంట పొయ్యి గెట్టెక్కుతయ్. తప్పించుకునే తొవ్వ ఇడిసిపెట్టాలె గద."

అదృష్టం ఏమిటంటే జేసీబీ డ్రైవరు రమేష్ కూడా పాలమూరువాడే. పొలం పని ఎరిగినవాడు. యాదయ్య వెళ్లి చెప్తే ఒక్క నిమిషం ఆలోచించి, సూపర్‌వైజరు నాష్టాకు పోయిన సందు చూసి, బండిని బిల్డింగు వైపు తిప్పాడు. "ఎటు నుంచైనా సాఫ్ జేసుడే గదనే" అన్నాడు.

"తొవ్వ ఇడిసిండు. గని గెట్టేది?" అంది నర్సమ్మ గోడ వైపు చూసి.

గోడ నున్నగా, ఎత్తుగా, ఎక్కడా సందు లేకుండా నిలబడి ఉంది. నారాయణ పనితనం అలాంటిది మరి. ఆయన టోపీ సర్దుకుని, గోడ మూలన మోకాళ్ల మీద కూర్చుని, మొదటి తూము మీద ఉలి పెట్టాడు.

తాను కలిపిన సిమెంటు ఎంత గట్టిదో ఆయనకు అప్పుడు తెలిసింది. దెబ్బకు ఇంత పొడి రాలేది, అంతే. సీసా పెంకులు వేళ్లల్లో దిగాయి. మొదటి తూము తెరిచేసరికి అరగంట పట్టింది. వెనక జేసీబీ మోత దగ్గరవుతోంది. రెండోది, మూడోది. యాదయ్య సాయం వస్తానంటే వద్దన్నాడు. "నువ్వు రాకు. నీ నౌకరీ పోతది. ఇది నా పని." తొమ్మిదో తూము దగ్గర చొక్కా చేతికి గుడ్డలా చుట్టుకున్నాడు. పదకొండోది తెరిచేసరికి వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు. ఫోనుతో ఫోటో తీసి, ఉలి లాక్కుని, ఆయన్ని గేటు దాకా నడిపించాడు. ఇంకా ఎనిమిది మూసే ఉన్నాయి. వెనక్కి తిరిగి చూడాలనుకున్నాడు గానీ వాచ్‌మన్ చూడనివ్వలేదు. తెరిచిన తూముల్లోంచి ఏదైనా వెళ్లిందో లేదో ఆయనకు తెలియనే తెలియదు.

మర్నాడు పొద్దున ఫోరస్ రోడ్డు దుకాణంలో నిలేష్ తలుపు దగ్గరే ఎదురొచ్చాడు. ఫోను మొహం మీద పెట్టాడు. సొసైటీ గ్రూపులో పెట్టిన ఫోటో అప్పటికే ఎక్కడెక్కడో తిరిగి ఇక్కడికి వచ్చింది. గోడ దగ్గర కూర్చున్న మనిషి, వెనక నుంచి. కింద మరాఠీలో "పెస్ట్ కంట్రోల్ వాడే గోడకు కన్నాలు కొట్టి ఎలుకల్ని లోపలికి వదులుతున్నాడు" అని రాశారు.

"పదకొండో గల్లీ వాళ్లు కూడా చూశారు. పొద్దుటి నుంచి ఇద్దరు ఫోను చేసి, ఇక నారాయణను పంపొద్దన్నారు" అన్నాడు నిలేష్. తర్వాత గొంతు తగ్గించాడు. "చూడు కాకా, ఫోటోలో మొహం లేదు. టోపీ ఒక్కటే కనిపిస్తోంది. ఆ తోటపని కూలీలూ అలాంటి టోపీలే పెట్టుకుంటారు కదా? ఆ యాదయ్యో ఎవరో, వాడే కొట్టాడని చెప్పు. వాచ్‌మన్‌తో నేను మాట్లాడతాను. వాడిని తీసేస్తారు, ఇంకో కూలీల నాకా మీద నిలబడితే వాడికి పని దొరుకుతుంది. నీ పేరు మాత్రం పోయిందంటే మళ్లీ రాదు."

నారాయణ కట్టు కట్టిన వేళ్ల వైపు చూసుకున్నాడు. పేరు పోతే రాదన్న మాట నిజమే. అప్పుడే ఆయన జేబులో ఫోను మోగింది. యాదయ్య.

"కాకా, నీకు జెప్పాల్నని జేసిన. నిన్న మస్తు దుంకినయ్. ముంగిస పొయ్యింది. తెల్లతోకయి ఎన్నో నేను లెక్కవెట్టలే. ఒక్కటి మాత్రం పిల్లను నోట కర్సుకొని నాలుగు సార్లు తిరిగింది కాకా, జేసీబీ మీదికొస్తున్నా. ఐదోసారి రాలే. అన్ని అయిపొయినయో, మరి..." అని ఆగాడు. "గోడ అవుతల సుత ఎవల జాగల వాళ్లున్నరు గద. రానిస్తరో లేదో."

నారాయణ కళ్లు మసకబారాయి. చొక్కా చేతితో తుడుచుకున్నాడు. "నువ్వు జాగ్రత్త. ఎవరడిగినా నారాయణ కొట్టిండని చెప్పు" అని పెట్టేశాడు.

నిలేష్ ఇంకా జవాబు కోసం చూస్తున్నాడు. నారాయణ ఆ చేతిలోని ఫోను చూపించి, శైలేష్ నంబరు నొక్కమని అడిగాడు. నిలేష్ తల పట్టుకుని, నొక్కి ఇచ్చాడు. అవతల ఎత్తారు.

"సార్, నారాయణను. ఫోటోలో ఉన్నది నేనే. ఆ తూములు మూసింది నేను, కొట్టింది నేను. కూలీలకు ఏ సంబంధం లేదు." ఒక్క క్షణం ఊపిరి తీసుకున్నాడు. "మీ ఎలుకలు చెత్తగదిలో ఉన్నాయి సార్. ఈ మాట కళ్లారా చూసి చెప్తున్నాను."

అటువైపు ఫోను పెట్టేశారు.